బోల్టు బెజ్జం పొడుగు ఎటు ఉండాలి?

నాలుగేళ్ల కిందట ఒక రోజు పొద్దున్నే కృష్ణపట్నం రోడ్డులోని ఒక రొయ్యల మేత గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. లోపల వేసిన ఇనుప అటక ఒక పక్క కుంగిందని, రాత్రి పెద్ద శబ్దం వచ్చి వాచ్‌మన్ బయటికి పరుగెత్తాడని చెప్పారు. వెళ్లి చూస్తే బీమ్ వంగలేదు. వెల్డింగ్ ఎక్కడా ఊడలేదు. ఒక్క బోల్టు కూడా తెగలేదు. బీమ్ ఒక చివర మాత్రం 13 మిల్లీమీటర్లు కిందికి దిగి కూర్చుంది.

ఆ బీమ్‌ను కాలమ్‌కు పట్టుకునే క్లీట్ ప్లేటులో బోల్టు బెజ్జాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉన్నాయి, ఇలాంటి బెజ్జాన్నే స్లాట్ అంటారు. ఆ పొడుగు నిలువుగా ఉంది. బస్తాలు పేర్చేకొద్దీ బరువు పెరిగింది, నట్టు బిగింపు ఆపగలిగినంత కాలం ఆపింది, ఆ రాత్రి పట్టు వదిలింది. బోల్టులు స్లాట్ అడుగుదాకా జారి అక్కడ ఆనుకుని ఆగాయి. డ్రాయింగ్ తెప్పించి చూశాను. ‘22×50 స్లాట్, ఎం20 బోల్టు’ అని ఉంది, అంతే. అంటే 20 మి.మీ. బోల్టుకు 22 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. పొడుగు ఉన్న బెజ్జం. పొడుగు అడ్డంగానా నిలువుగానా అన్న మాట లేదు. ఆ ఇనుప పని చేసిన షాపులో మేస్త్రీని అడిగితే, “ఎత్తు సర్దుకోవడానికేమో అనుకున్నాం సార్, నిలువుగా కొట్టేశాం” అన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. చెప్పాల్సింది కాగితం మీద చెప్పనప్పుడు ఆయన తనకు తోచింది చేశాడు.

షెడ్లు, గోడౌన్లు, రైస్ మిల్లులు, గ్రానైట్ ఫ్యాక్టరీలు, పోర్టు చుట్టుపక్కల కన్వేయర్లు... నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇనుప కట్టడాలు ఇప్పుడు ఊరూరా లేస్తున్నాయి. వాటిలో ఈ పొడుగు బెజ్జం కనపడనిది దాదాపు లేదు. కానీ దాన్ని ఎందుకు పెడతారో, ఎటు పెట్టాలో తెలిసి పెట్టేవాళ్లు తక్కువ. చాలామంది లెక్కలో స్లాట్ అంటే కొలత తప్పినా బోల్టు దూరడానికి పనికొచ్చే పెద్ద బెజ్జం. నిజానికి అది జాయింటుకు మనం ఇచ్చే అనుమతి. ఈ దిక్కున నువ్వు కదలొచ్చు, మిగతా దిక్కుల్లో కదలకూడదు అని చెప్పడం. అనుమతి ఏ దిక్కుకు ఇస్తున్నామో తెలియకుండా ఇస్తే ఏమవుతుందో ఆ గోడౌన్‌లో చూశాను.

గుండ్రటి బెజ్జంలోనూ ఖాళీ ఉంటుంది

మామూలు బెజ్జం కూడా బోల్టుకు సరిగ్గా సరిపోయేలా ఉండదు. 20 మి.మీ. బోల్టుకు 22 మి.మీ. హోల్ వేస్తారు. ఆ రెండు మిల్లీమీటర్లు లేకపోతే సైటులో పది బోల్టులున్న జాయింటులో ఒకటి దూరితే తొమ్మిది దూరవు. మన దేశంలో ఇనుప కట్టడాల డిజైన్‌కు ఆధారమైన కోడ్ (నియమావళి) ఐఎస్ 800:2007 ఈ ఖాళీలను బోల్టు సైజును బట్టి పట్టికగా ఇచ్చింది. ఎం20 ఒక్కదానికే చెప్పుకుంటే, మిల్లీమీటర్లలో మామూలు హోల్ 22, ఓవర్‌సైజ్ హోల్ 24, షార్ట్ స్లాట్ 22×26, లాంగ్ స్లాట్ పొడుగు బోల్టు వ్యాసానికి రెండున్నర రెట్లు, అంటే 22×50. స్లాట్ వెడల్పు మామూలు హోల్ అంతే ఉంటుందన్నది ఇక్కడ గమనించాలి. పెరిగేది ఒక్క దిక్కునే.

తలుపు గడియను గుర్తు తెచ్చుకోండి. గడియ తన గాడిలో అటూ ఇటూ ఎంతైనా జరుగుతుంది. గాడికి అడ్డంగా తోస్తే మాత్రం కదలదు, తలుపును ఆపేది ఆ కదలకపోవడమే. స్లాట్‌లో బోల్టూ అంతే. పొడుగు వెంట అది స్వేచ్ఛగా జరుగుతుంది, ఆ దిక్కున వచ్చే బరువును బోల్టు ఒంటితో ఆపలేదు. పొడుగుకు అడ్డంగా వచ్చే బరువు మాత్రం స్లాట్ పక్క గోడ మీద ఆనుతుంది, బోల్టు దాన్ని మోస్తుంది.

బీమ్ చివర జాయింటు మోయాల్సిన ముఖ్యమైన బరువు కిందికి వస్తుంది. కాబట్టి స్లాట్ పొడుగు నేలకు సమాంతరంగా, బీమ్ పొడుగు వెంట ఉండాలి. అప్పుడు బరువు స్లాట్ పక్క గోడ మీద పడుతుంది. అదే నిలువుగా పెడితే బరువు, స్లాట్ రెండూ ఒకే దిక్కున ఉంటాయి. అప్పుడు బీమ్‌ను పట్టి ఉంచేది ప్లేట్ల మధ్య ఒరిపిడి మాత్రమే.

ఆ ఒరిపిడి ఎంత ఆపుతుందో ఒక లెక్క వేద్దాం. 8.8 గ్రేడు (ఎక్కువ బలమున్న రకం) ఎం20 బోల్టును పూర్తిగా బిగిస్తే అందులో దాదాపు 137 కిలోన్యూటన్ల లాగుడు పుడుతుంది. ఏ ట్రీట్‌మెంటూ చేయని ఇనుప ముఖాలకు ఒరిపిడి గుణకం 0.20. లాంగ్ స్లాట్‌లో బరువు పొడుగు వెంటే వస్తే కోడ్ ఇంకో 0.7తో తగ్గించమంటుంది. భద్రతా గుణకం 1.25తో భాగిస్తే ఒక బోల్టుకు దక్కేది సుమారు 15 కిలోన్యూటన్లు, అంటే టన్నున్నర. అది కూడా బోల్టును కొలిచి పూర్తిగా బిగిస్తేనే. ఆ గోడౌన్‌లో వాడింది మామూలు స్పానర్, ప్లేట్ల మధ్య మందంగా రెడ్ ఆక్సైడ్ పెయింటు కూడా ఉంది. అదే బోల్టు, అదే 8 మి.మీ. ప్లేటు, గుండ్రటి హోల్‌లో ప్లేటు అంచుకు 40, బోల్టుకూ బోల్టుకూ 60 మి.మీ. దూరాలతో ఉంటే ప్లేటు మీద ఆనుకుని మోయగలిగేది 79.5 కిలోన్యూటన్లు, దాదాపు ఎనిమిది టన్నులు. ఎనిమిది టన్నులు మోయాల్సిన చోట టన్నున్నర పట్టును నమ్ముకున్నామన్నమాట.

అడ్డంగా పెట్టినా కొంత పోతుంది

సరే, స్లాట్‌ను అడ్డంగానే పెట్టాం. మరి మోసే శక్తి గుండ్రటి హోల్‌కు ఉన్నంతే ఉంటుందా? ఉండదు. ఇక్కడ చాలామంది ఇంజనీర్లు కూడా పొరబడతారు. గుండ్రటి హోల్‌లో బోల్టు కింద ఇనుము గిన్నెలా వంపు తిరిగి దాన్ని మూడు పక్కల నుంచి పట్టుకుంటుంది. స్లాట్‌లో బోల్టు కింద ఉండేది చదునైన గట్టు, అటూ ఇటూ ఆసరా లేదు. బరువు పడ్డప్పుడు ఆ గట్టు సన్నటి బద్దలా కొంచెం వంగుతుంది. అందుకే ఐఎస్ 800 పొడుగుకు అడ్డంగా వచ్చే బరువుకు కూడా షార్ట్ స్లాట్‌కైతే 0.7, లాంగ్ స్లాట్‌కైతే 0.5తో గుణించమంది.

పైన చెప్పిన 79.5 కిలోన్యూటన్లు షార్ట్ స్లాట్‌లో 55.7 అవుతుంది, లాంగ్ స్లాట్‌లో 39.8కి పడిపోతుంది. బీమ్ చివర 150 కిలోన్యూటన్ల బరువు వస్తుందనుకుంటే గుండ్రటి హోల్స్‌తో రెండు బోల్టులు సరిపోతాయి, లాంగ్ స్లాట్లతో నాలుగు కావాలి. (బోల్టుల వరస కాలమ్ ముఖం నుంచి ఎడంగా ఉండటం వల్ల వచ్చే అదనపు బరువును ఇందులో వదిలేశాను, అసలు డిజైన్‌లో దాన్నీ కలపాలి.) డ్రాయింగ్‌లో రెండు గుండ్రటి హోల్స్ ఉంటే, సైటులో బోల్టు దూరలేదని వాటిని గ్యాస్ కటింగ్‌తో పక్కకు సాగదీయడం మన దగ్గర మామూలైపోయింది. చూసేవాళ్లకు అది చిన్న సర్దుబాటు. లెక్కలో ఆ జాయింటు శక్తి సగమవుతుంది.

గ్యాస్‌తో సాగదీసిన హోల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. అంచు నున్నగా ఉండదు, రంపపు పళ్లలా గాట్లు పడి ఉంటుంది. కరిగి జారిన ఇనుము వెనక వైపు ముత్యాల్లా గడ్డకట్టి రెండో ప్లేటును ఆననివ్వదు. వెలుగు వైపు పెట్టి చూస్తే రెండు ప్లేట్ల మధ్య సన్నటి గీతలా వెలుతురు వస్తుంది. ఒక్కో గాటూ పగులు మొదలవడానికి అనువైన చోటు. కాలిన అంచు పక్కనున్న ఇనుము గట్టిపడి పెళుసవుతుంది. రీమర్ (బెజ్జాన్ని నున్నగా తొలిచే పనిముట్టు) పెట్టి సరిచేయడానికి గంట పట్టొచ్చు, కొత్త క్లీట్ చేయడానికి పూట పట్టొచ్చు. క్రేన్ అద్దె గంటగంటకూ పెరుగుతున్నప్పుడు ఆ పూట ఎంత బరువో నాకూ తెలుసు. అయినా గ్యాస్ వద్దనే చెబుతాను.

అడ్డం స్లాట్ ఎందుకు పెడతారు?

మొదటి కారణం కొలత. బీమ్‌ను షాపులో కోస్తారు, కాలమ్‌ను ఇంకెవరో నిలబెడతారు, బేస్ ప్లేటు కింద బోల్టులను కాంక్రీటు వాళ్లు పాతుతారు. ముగ్గురి పనిలో తలా రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే బీమ్ చివర అది కలిసి కనిపిస్తుంది. షార్ట్ స్లాట్ ఇచ్చే ఆరు మిల్లీమీటర్ల ఖాళీ చాలావరకు దీన్ని సర్దేస్తుంది.

రెండోది బీమ్ చివర తిరగడం. బరువు పడ్డ బీమ్ నడుమ కిందికి వంగితే చివరలు కొంచెం తిరుగుతాయి. ఆరు మీటర్ల బీమ్ నడుమ 20 మి.మీ. వంగిందనుకుంటే, బరువు పొడుగంతా సమంగా ఉన్నప్పుడు చివర తిరిగేది సుమారు 0.0107 రేడియన్లు. మూడు బోల్టులు 60 మి.మీ. ఎడంతో ఉంటే పైదీ కిందదీ 0.6 మి.మీ. పక్కకు జరుగుతాయి. మామూలు హోల్ ఖాళీయే దానికి చాలు. ఆరు బోల్టులుంటే చివరి బోల్టు 1.6 మి.మీ. జరగాలి, అప్పుడు ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీ బిగుతుగా తోస్తుంది. అందుకే లోతైన బీమ్‌లకు షార్ట్ స్లాట్ పెడితే జాయింటు హాయిగా తిరుగుతుంది, కాలమ్ మీద అక్కర్లేని వంపు పడదు.

మూడోది ఎండ. అందరూ మొదట చెప్పే కారణం ఇదే, ఎక్కువగా తప్పు చోట వాడేదీ ఇదే. ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.012 మి.మీ. సాగుతుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 42, 43 డిగ్రీలు చూస్తుంటాం. ఎండలో ఉన్న బీమ్ 60 దాకా వెళుతుందనుకుందాం, పుష్యమాసం తెల్లవారుజామున 20కి దిగుతుందనుకుందాం. 40 డిగ్రీల తేడా. ఆరు మీటర్ల బీమ్ ఆ తేడాకు సాగేది మూడు మిల్లీమీటర్లు కూడా కాదు. దానికి లాంగ్ స్లాట్ అక్కర్లేదు, హోల్స్‌లో ఉన్న ఖాళీయే చాలావరకు సరిపోతుంది, కాలమ్ కాస్త వంగి మిగతాది సర్దుకుంటుంది. ప్రతి బీమ్‌కూ ‘ఎండకు సాగుతుంది కదా’ అని లాంగ్ స్లాట్ పెట్టడం దండగ, పైగా ప్రమాదం.

ముప్ఫై మీటర్ల ఏకబిగి స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) అయితే సంగతి వేరు. రెండు టవర్ల మధ్య కన్వేయర్ గ్యాలరీ, రెండు బిల్డింగుల మధ్య నడక వంతెన లాంటివి. అదే 40 డిగ్రీలకు 14.4 మి.మీ. సాగుతుంది. సాగనివ్వకుండా రెండు చివరలా గట్టిగా బిగించేస్తే ఇనుములో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 96 న్యూటన్లు. మామూలు ఇనుము 250 దగ్గర లొంగిపోతుంది. పైన ఒక్క బస్తా పెట్టకుండానే దాని శక్తిలో మూడో వంతుకు పైగా ఎండే తినేస్తుందన్నమాట. ఇక్కడ స్లాట్ తప్పనిసరి.

అయితే ఒక చివరే. నేను చూసిన ఒక నడక వంతెనకు రెండు చివరలా లాంగ్ స్లాట్లు పెట్టారు. రెండు వైపులా కదిలితే ఇంకా మంచిది కదా అన్నది వాళ్ల ఆలోచన. రెండూ వదిలేసిన వంతెనను ఎవరు పట్టుకుంటారు? జనం నడిచే అదురుకు అది నెలనెలా ఒక వైపుకు జరుగుతూ పోయి, ఒక చివర బోల్టులు స్లాట్ అంచుకు ఆనుకున్నాయి, రెండో చివర ఖాళీ అంతా మిగిలిపోయింది. ఒక చివర గుండ్రటి హోల్స్‌తో గట్టిగా ఉండాలి, రెండో చివర జారాలి. రైల్వే వాళ్ల చిన్న ప్లేట్ గర్డర్ బ్రిడ్జీల్లోనూ ఇదే పద్ధతి. జారే చివర బేరింగ్ ప్లేటులో యాంకర్ బోల్టుకు పొడుగు బెజ్జం ఉంటుంది.

గాలిని మరిచిపోవద్దు

కోస్తాలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ మాట కొంచెం నొక్కి చెప్పాలి. డిజైన్ గాలి వేగాలు చెప్పే ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు సెకనుకు 50 మీటర్లు ఉంది. షెడ్డు చివరి గోడ మీద ఆ గాలి కొడితే ఆ తోపు కాలమ్ తలల దగ్గర పొడుగునా వేసిన అడ్డ బీమ్‌ల గుండా ప్రయాణించి, క్రాస్ బ్రేసింగ్ (ఎక్స్ ఆకారంలో వేసిన ఏటవాలు కడ్డీలు) ఉన్న బే (రెండు కాలమ్ వరసల మధ్య భాగం) దాకా వెళ్లి, అక్కడ నేలకు దిగుతుంది. ఆ అడ్డ బీమ్ చూడటానికి చిన్నది, మోసే నిలువు బరువు కూడా తక్కువే. అందుకే ‘దానికేముంది, స్లాట్ పెట్టేద్దాం’ అనుకుంటారు. స్లాట్ పెట్టగానే గాలి నడిచే దారి అక్కడ తెగిపోతుంది. బీమ్ పొడుగు వెంట వచ్చే తోపును స్లాట్ ఆపదు. బోల్టు స్లాట్ చివరకు కొట్టుకునే దాకా కాలమ్ వంగుతూనే ఉంటుంది.

కాలమ్‌కు మధ్యలో ఊతం ఇస్తుందని లెక్కలో రాసుకున్న బీమ్ విషయమూ ఇంతే. స్లాట్ ఉంటే అది ఊతం కాదు, కాలమ్ ఆ ఎత్తులో ఒంటరిగా నిలబడ్డట్టే. స్లాట్ పెట్టే ముందు ఆ బీమ్ బస్తాలను మాత్రమే మోస్తోందా, పక్క నుంచి వచ్చే తోపును కూడా మోస్తోందా అని అడగాలి. రెండోది అవునైతే గుండ్రటి హోల్, లేదా పూర్తిగా బిగించి ఒరిపిడి మీద పనిచేసేలా లెక్కగట్టిన జాయింటు.

అంచు దూరం ఎక్కడి నుంచి కొలవాలి?

షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇది. కత్తెరతో కోసిన లేదా చేతి గ్యాస్‌తో కోసిన ప్లేటుకు హోల్ నడుమ నుంచి అంచుకు కనీసం హోల్ వ్యాసానికి 1.7 రెట్లు దూరం ఉండాలి. 22 మి.మీ. హోల్‌కు 37.4 మి.మీ., అందుకే అందరూ 40 వేస్తారు. మిషన్ కటింగ్ అంచైతే 1.5 రెట్లు చాలు. గుండ్రటి హోల్‌కు ఇందులో తికమక లేదు.

స్లాట్‌కు ‘నడుమ’ ఏది? కోడ్ ప్రకారం స్లాట్ చివర ఉన్న అర్ధచంద్రాకారపు వంపు కేంద్రం నుంచి గానీ, స్లాట్ నడిమి గీత నుంచి గానీ, ఏది తక్కువ వస్తే అది కొలవాలి. 22×50 స్లాట్‌లో ఆ వంపు కేంద్రం స్లాట్ నడిబొడ్డు నుంచి 14 మి.మీ. పక్కకు ఉంటుంది. కాబట్టి పొడుగు దిక్కున అంచు దూరం 40 దక్కాలంటే స్లాట్ నడిబొడ్డు అంచుకు 54 మి.మీ. దూరంలో ఉండాలి. డ్రాయింగ్‌లో కొలత స్లాట్ నడిబొడ్డుకు ఇస్తారు, గుండ్రటి హోల్ అలవాటుతో 40 అని రాసేస్తారు. అప్పుడు స్లాట్ చివరకూ ప్లేటు అంచుకూ మధ్య మిగిలేది 15 మి.మీ. ఇనుము. బోల్టు అటు వైపు ఎప్పుడైనా తోసిందా, ఆ పదిహేను మిల్లీమీటర్లు బుగ్గలా ఉబ్బి చీలుతుంది.

మరి భయపడి అంచును చాలా దూరం పెట్టేయొచ్చా? ఉప్పుగాలి తగిలే చోట అదీ కుదరదు. తుప్పు పట్టే వాతావరణంలో అంచు దూరం 40 మి.మీ., దానికి ప్లేటు మందానికి నాలుగు రెట్లు కలిపితే వచ్చే కొలతను మించకూడదు. 8 మి.మీ. ప్లేటుకు 72 మి.మీ. బోల్టుకు దూరమైన అంచు మెల్లగా నోరు తెరుస్తుంది, సందులోకి చెమ్మ దూరుతుంది, తుప్పు ఉబ్బి ప్లేట్లను ఇంకా ఎడం చేస్తుంది. సముద్రం దగ్గరి రొయ్యల చెరువుల గట్ల మీద వేసిన షెడ్లలో ఇలా నోళ్లు తెరిచిన క్లీట్లను ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

బోల్టులు రెండు నిలువు వరసల్లో ఉన్నప్పుడు ఇంకో చిక్కుంది. బోల్టుకూ బోల్టుకూ కనీసం 50 మి.మీ. ఎడం చాలు కదా అని వరసల మధ్య 60 ఇచ్చి, రెంటికీ అడ్డంగా 50 మి.మీ. స్లాట్లు కొడితే మధ్యలో మిగిలేది పది మిల్లీమీటర్ల వేలెడు ఇనుము. ఎడం లెక్క బోల్టు నడుముల మధ్య సరిపోయింది, ప్లేటు మాత్రం తెగిపోయేలా ఉంది. లాంగ్ స్లాట్లయితే వరసల మధ్య వంద మిల్లీమీటర్లకు తగ్గకుండా పెట్టుకోవడం నా అలవాటు, వీలైతే ఒకే వరసతో సరిపెడతాను.

బోల్టు కింద ఉండే బిళ్ల

ఎం20కి బజార్లో దొరికే గుండ్రటి వాషర్ వెడల్పు 37 మి.మీ., మందం 3. దాన్ని 50 మి.మీ. స్లాట్ మీద పెడితే రెండు చివరలూ బయటికి కనిపిస్తూనే ఉంటాయి. నట్టు బిగించేకొద్దీ వాషర్ నడుమ స్లాట్‌లోకి దిగి గరిటెలా గుంట పడుతుంది. గోడౌన్‌లో ఆ బోల్టులు విప్పినప్పుడు బయటికి వచ్చిన వాషర్లు నా టేబుల్ మీద ఇప్పటికీ ఉన్నాయి. చదునైన చోట పెడితే ఊగుతాయి.

లాంగ్ స్లాట్ బయటి ప్లేటులో ఉంటే దాన్ని పూర్తిగా కప్పే ప్లేట్ వాషర్ కావాలి. అమెరికా పద్ధతిలో దీనికి కనీసం 8 మి.మీ. మందం అడుగుతారు, అందులో హోల్ మామూలు గుండ్రటిదే ఉంటుంది. ఎంత పొడుగుండాలన్నది బోల్టు మధ్యలో ఉన్నప్పుడు చూసి తేల్చకూడదు. బోల్టు స్లాట్ ఒక కొసకు చేరితే దాని నడుమ నుంచి రెండో కొస 40 మి.మీ. దూరంలో ఉంటుంది. అప్పుడు కూడా కప్పాలంటే వాషర్ 80 దాటి, 90 దాకా ఉండాలి. రెండు ప్లేట్లలో ఒకదానిలోనే లాంగ్ స్లాట్ పెట్టాలన్న నియమాన్ని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. రెంటిలోనూ కొడితే బోల్టు చుట్టూ అదిమి పట్టే ఇనుమే మిగలదు.

బిగించాలా, వదలాలా?

సర్దుబాటు కోసం పెట్టిన స్లాట్, జారడం కోసం పెట్టిన స్లాట్ చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటితో చేయాల్సిన పని మాత్రం పూర్తిగా ఎదురు. మొదటిదాన్ని బీమ్ లైనుకు రాగానే గట్టిగా బిగించాలి. రెండోదాన్ని బిగించకూడదు. నట్టు చేత్తో తిరిగేంత వదిలి, అది ఊడిపోకుండా పైన లాక్ నట్ వేయాలి, బీమ్ ఆనే చోట టెఫ్లాన్ లాంటి జారే పట్టీ పెట్టాలి. డ్రాయింగ్‌లో ఈ తేడా రాయకపోతే ఎరెక్షన్ కుర్రాళ్లు అన్నిటినీ కసిగా బిగిస్తారు. వదులుగా వదిలేసిన నట్టు వాళ్ల కంటికి పని ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. ఆ పట్టుదల మంచిదే, సమాచారం ఇవ్వాల్సింది మనం.

జారే స్లాట్‌కు ఇంకో ప్రశ్న ఉంది. బోల్టును స్లాట్‌లో ఎక్కడ నిలపాలి? ‘మధ్యలో’ అన్నది అందరి జవాబు. మళ్లీ ఆ ముప్ఫై మీటర్ల గ్యాలరీనే తీసుకుందాం. స్లాట్ కాలమ్ క్లీట్‌లో ఉంది, బోల్టు బీమ్‌తో పాటు కదులుతుంది. మధ్యలో నిలిపితే అటు 15, ఇటు 15 మి.మీ. ఖాళీ. రోహిణి కార్తె మధ్యాహ్నం ఇనుము 60 డిగ్రీలున్నప్పుడు ఎక్కించారనుకోండి. ఇక అది సాగదు, ముడుచుకోవడమే. చలికాలానికి 14.4 మి.మీ. ముడుచుకుంటుంది, అంటే కాలమ్ నుంచి దూరంగా జరుగుతుంది. ఉన్న ఖాళీ 15. కొలతల్లో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా బోల్టు స్లాట్ కొసకు గుద్దుకుంటుంది, కాలమ్ వైపు ఖాళీ అంతా ఉత్తదే అవుతుంది.

అదే బోల్టును కాలమ్ వైపుకు 7 మి.మీ. జరిపి నిలిపితే ఏడాది పొడుగునా రెండు వైపులా ఏడెనిమిది మిల్లీమీటర్లు మిగులుతాయి. ఈ స్పాన్‌కు డిగ్రీకి 0.36 మి.మీ. 40 డిగ్రీలను నడుమ అనుకుని, ఇనుము ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటే అంత లెక్కన కాలమ్ వైపుకు, తక్కువ ఉంటే అవతలికి జరిపి నిలపాలి. కొలవాల్సింది ఇనుము వేడిని, ఫోన్‌లో కనిపించే గాలి ఉష్ణోగ్రతను కాదు. చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ జేబులో ఉంటే అర నిమిషం పని.

నిలువు స్లాట్‌కు కూడా చోటుంది

నిలువు స్లాట్ అంటేనే తప్పని నేను అనడం లేదు. బీమ్ కింద ఇటుక గోడ కట్టి, గాలికి పడకుండా దాని తలను బీమ్‌కు పట్టించాలనుకుంటే అక్కడ కావాల్సింది నిలువు స్లాటే. బీమ్ బరువుకు వంగుతుంది, ఆ వంపు గోడ నెత్తిన పడకూడదు. నిలువు స్లాట్ బీమ్‌ను కిందికి రానిస్తుంది, గోడను పక్కకు ఒరగనివ్వదు. అక్కడ కూడా బోల్టును మధ్యలో కాకుండా, బీమ్ దిగడానికి చోటు ఎక్కువ మిగిలేలా ఒక కొసకు నిలపాలి.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో బండలెత్తే క్రేన్ నడిచే గర్డర్లనూ చూడండి. క్రేన్ ఒక బే నుంచి ఇంకో బేకు దాటిన ప్రతిసారీ గర్డర్ చివర తిరుగుతుంది. దాని పై అంచును కాలమ్‌కు కట్టే పట్టీ పక్క తోపును ఆపాలి, ఆ తిరుగుడుకు మాత్రం అడ్డుపడకూడదు. అడ్డుపడితే రోజుకు వందల సార్లు వంగి ఆ పట్టీ తెగుతుంది. కాబట్టి అక్కడ ఎటు వదలాలి, ఎటు పట్టుకోవాలి అన్నది బాగా ఆలోచించి పెట్టాలి. మామూలు బోల్టులు అదురుకు వదులైపోతాయి, కాబట్టి లాక్ ఏర్పాటు లేకుండా వదలకూడదు.

భూకంపాలకు కూడా స్లాట్‌ను బ్రేకులా వాడే పద్ధతి ఉంది. బ్రేసింగ్‌లో స్లాట్ పెట్టి, బోల్టును కొలిచి బిగిస్తే, పెద్ద కుదుపు వచ్చినప్పుడు జాయింటు ఒరుసుకుంటూ జారి ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. అమెరికాలో 1980ల చివర నుంచి, ముఖ్యంగా బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దీని మీద ప్రయోగాలు జరిగాయి. 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం చూసిన ఒంగోలుకు ఇది పరాయి విషయమేమీ కాదు. కానీ అది విడిగా డిజైన్ చేసి, పరీక్షించి పెట్టే జాయింటు. నట్టు గట్టిగా తిప్పేసినంత మాత్రాన మామూలు స్లాట్ బ్రేక్ అయిపోదు.

గోడౌన్ అటకను ఎలా బాగుచేశామంటే, బస్తాలు దింపించి, బీమ్‌ను జాకీలతో 13 మి.మీ. పైకి లేపి, ఒక్కో స్లాట్ మీద గుండ్రటి హోల్ ఉన్న మందపాటి ప్లేటును క్లీట్‌కు వెల్డింగ్ చేశాం. ఇప్పుడు బరువు ఆ హోల్స్ మీద ఆనుతోంది. అప్పటి నుంచి నా డ్రాయింగుల్లో ప్రతి స్లాట్ పక్కనా దాని పొడుగు దిక్కున ఒక బాణం, ‘బిగించాలి’ లేదా ‘జారాలి’ అన్న మాట, నిలపాల్సిన చోటు ఉంటున్నాయి.

మీ షెడ్డులోనో గ్యాలరీలోనో జారాల్సిన స్లాట్లు ఉంటే అవి నిజంగా జారుతున్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. ఉప్పుగాలికి తుప్పు, రెండేళ్లకోసారి కొట్టే పెయింటు కలిసి స్లాట్‌ను పుట్టీలా పూడ్చేస్తాయి, పైకి ఏమీ తెలియదు. ఎండాకాలంలో ఒక రోజు తెల్లవారుజామున బీమ్ మీద, క్లీట్ మీద కలిసేలా మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ వెళ్లి చూడండి. ముప్ఫై మీటర్ల స్పాన్‌లో ఇనుము 20 డిగ్రీలు వేడెక్కితే గీత విడిపోయి రెండు ముక్కల మధ్య ఏడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. గీత ఇంకా అతుక్కునే ఉంటే ఆ రాత్రే నట్టు వదులు చేసి, స్లాట్‌లో పేరుకున్నది గీకించి, గ్రీజు పెట్టించండి.